కనిపించని విమానానికీ కాపలా కళ్లు!

* రాడార్‌ను ఏమార్చినా వేడిని దాచలేని స్టెల్త్‌ యుద్ధవిమానాలు
* క్షిపణి రాకను పసిగట్టే వ్యవస్థలే పైలట్‌కు చివరి రక్ష
* సెర్బియా, కార్గిల్‌ గగనతలాలు నేర్పిన పాఠం ఒక్కటే
* పరికరాల తయారీలో హైదరాబాద్‌ సంస్థల భాగస్వామ్యం

హైదరాబాద్‌: స్టెల్త్‌ యుద్ధవిమానం అనగానే శత్రువు కంటికి ఏ విధంగానూ చిక్కని మాయావిమానమన్న భావన చాలామందిలో పాతుకుపోయింది. వాస్తవం వేరు. శత్రు రాడార్‌ తనను గుర్తించగలిగే దూరాన్ని బాగా తగ్గించుకోవడం మాత్రమే ఆ విమానం చేసే పని. పట్టుబడే క్షణం ఆలస్యమవుతుందే తప్ప అది ఎన్నటికీ రాదన్న హామీ ఏదీ లేదు. పైగా రాడార్‌ తరంగాలను ఏమార్చిన విమానం తన ఇంజిన్‌ వేడిని పూర్తిగా దాచుకోలేదు. ఇంటిని చెట్ల చాటున కట్టుకున్నంత మాత్రాన పొయ్యి పొగ దాగదు కదా! అందుకే ఎంత ఖరీదైన స్టెల్త్‌ విమానానికైనా, తన మీదికి దూసుకొస్తున్న క్షిపణిని ముందుగా గుర్తించి హెచ్చరించే వ్యవస్థ తప్పనిసరి. ఆ హెచ్చరికకూ క్షిపణి తాకిడికీ మధ్య మిగిలే కొద్ది సెకన్లలోనే పైలట్‌ ప్రాణం ఊగిసలాడుతుంది.

ఒకే ఏడాది... రెండు యుద్ధాలు

1999 మార్చి 27 రాత్రి. యుగోస్లావియాపై నాటో వైమానిక దాడులు మొదలై మూడు రోజులైంది. బెల్‌గ్రేడ్‌ సమీపంలో బాంబులు వేసి తిరిగి వెళుతున్న అమెరికా ఎఫ్‌-117 స్టెల్త్‌ విమానం క్షిపణి దాడికి కూలిపోయింది. దాన్ని కూల్చింది అత్యాధునిక ఆయుధమేమీ కాదు. 1960ల ఆరంభంలో సోవియట్‌ సైన్యంలో ప్రవేశించిన ఎస్‌-125 క్షిపణి. కర్నల్‌ జోల్టాన్‌ డాని నాయకత్వంలోని క్షిపణి దళం పొడవైన తరంగాలను వాడే పాత తరహా రాడార్‌తో విమానం జాడను పట్టుకుంది. దాడికి తోడ్పడే రాడార్‌ను కొద్ది సెకన్లు మాత్రమే పనిచేయించి క్షిపణులను వదిలింది. విమాన పైలట్‌ డేల్‌ జెల్కో తరువాత చెప్పిన వివరాల ప్రకారం, తన వైపు వస్తున్న రెండు క్షిపణులను ఆయన స్వయంగా తన కళ్లతోనే చూశారు. మొదటిది అతి సమీపం నుంచి దూసుకుపోయింది. రెండోది విమానాన్ని దెబ్బతీసింది. ప్యారాచూట్‌తో బయటపడిన ఆయనను గంటల అనంతరం సహాయక దళాలు రక్షించాయి. యుద్ధంలో స్టెల్త్‌ విమానం కూలడం అదే తొలిసారి.

సరిగ్గా రెండు నెలల తరువాత కార్గిల్‌ కొండల్లో మన వైమానిక దళానికీ చేదు అనుభవం ఎదురైంది. 1999 మే 27న ఒక మిగ్‌-21 విమానం, మరుసటి రోజు తోలోలింగ్‌ ప్రాంతంలో ఒక మి-17 హెలికాప్టర్‌ భుజంపై నుంచి ప్రయోగించే ఉష్ణాన్వేషక క్షిపణులకు బలయ్యాయి. హెలికాప్టర్‌లోని నలుగురు సిబ్బందీ ప్రాణాలు కోల్పోయారు. క్షిపణిని దారి మళ్లించే మంటగుళ్లను, అంటే ఫ్లేర్‌లను, వదిలే పరికరం ఆ హెలికాప్టర్‌కు అమర్చి లేదు. ఆ ఘటన తరువాత సాయుధ మి-17లను దాడుల నుంచి తప్పించారు. యుద్ధవిమానాలు భుజ క్షిపణులకు అందనంత ఎత్తు నుంచి బాంబులు వేయడం ప్రారంభించాయి.

ఒకటి అగ్రరాజ్యపు రహస్య విమానం. మరొకటి పర్వత శిఖరాలపై ఎగిరిన సాధారణ హెలికాప్టర్‌. రెండింటి అనుభవం చెప్పేది ఒక్కటే. ముప్పును సకాలంలో తెలుసుకోగలగాలి, తెలిసిన వెంటనే ఎదుర్కొనే సాధనమూ చేతిలో ఉండాలి. ఏ ఒక్కటి కొరవడినా రెండోది నిష్ఫలం.

స్టెల్త్‌ ఎంతవరకు?

రాడార్‌ రేడియో తరంగాలను పంపి, విమానాన్ని తాకి వెనక్కి వచ్చిన ప్రతిధ్వనిని పట్టుకుంటుంది. ప్రత్యేకమైన ఆకారం, తరంగాలను పీల్చుకునే పూతల ద్వారా స్టెల్త్‌ విమానం ఆ ప్రతిధ్వనిని బలహీనపరుస్తుంది. అయితే ఇక్కడ లెక్క చాలా కఠినం. ప్రతిధ్వనిని పదో వంతుకు తగ్గించినా, రాడార్‌ గుర్తించే దూరం సగానికి కూడా తగ్గదు. సాధారణ విమానాన్ని 200 కిలోమీటర్ల దూరంలో చూసే రాడార్‌, పదో వంతు ప్రతిధ్వని ఇచ్చే విమానాన్ని సుమారు 112 కిలోమీటర్ల నుంచి చూడగలుగుతుంది. ఆ దూరాన్ని 20 కిలోమీటర్లకు కుదించాలంటే ప్రతిధ్వని పదివేల వంతుకు పడిపోవాలి. అంతటి ఘనకార్యం సాధించినా మిగిలేది 20 కిలోమీటర్లు. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో వెళ్లే విమానం ఆ దూరాన్ని 80 సెకన్లలో దాటేస్తుంది.

అంతేకాదు, ఈ రక్షణ అన్ని దిక్కుల నుంచీ, అన్ని రకాల తరంగాలకూ ఒకేలా ఉండదు. ముందు నుంచి చూసే రాడార్‌కు చిక్కని విమానం పక్క నుంచి, వెనుక నుంచి కొంత ఎక్కువగా కనిపించవచ్చు. పొడవైన తరంగాలను వాడే రాడార్ల ముందు స్టెల్త్‌ ఆకారపు ప్రభావం తగ్గుతుంది. సెర్బియాలో జరిగింది ఇదే.

ముందుగా వినే చెవి

ముప్పును గుర్తించే సాధనాల్లో అన్నిటికన్నా పాతది రాడార్‌ హెచ్చరిక గ్రాహకం. దీని పని వినడమే. రాత్రివేళ చేనుకు కాపలా ఉన్న రైతు టార్చిలైటు వేస్తే, అతనికి యాభై గజాల దూరంలోని పంది కనిపిస్తుందో లేదో గానీ, ఆ వెలుగు మాత్రం మైలు దూరంలోని వారికీ తెలిసిపోతుంది. రాడార్‌ పరిస్థితీ అంతే. దాని తరంగం విమానం దాకా వెళ్లి మళ్లీ తిరిగి రావాలి. విమానంలోని గ్రాహకానికి అది ఒకవైపు ప్రయాణం చేసి చేరితే చాలు. కాబట్టి సాధారణంగా రాడార్‌ విమానాన్ని చూడకముందే విమానం రాడార్‌ను వింటుంది.

ఈ సాధనం అవసరాన్ని వియత్నాం యుద్ధం బలంగా చాటింది. 1965 జులై 24న ఉత్తర వియత్నాంలో సోవియట్‌ తయారీ ఎస్‌-75 క్షిపణి అమెరికా ఎఫ్‌-4 విమానాన్ని కూల్చివేసింది. ఆ యుద్ధంలో భూతల క్షిపణికి బలైన తొలి అమెరికా విమానం అదే. ఆ ఏడాదే రాడార్‌ సంకేతాలను పట్టే గ్రాహకాలను విమానాల్లో అమర్చి, క్షిపణి స్థావరాలనే వేటాడే ప్రత్యేక దళాన్ని అమెరికా రంగంలోకి దించింది.

అయితే ఈ చెవికి తెలిసిన గొంతులే అర్థమవుతాయి. ప్రతి రాడార్‌కూ తనదైన తరంగ పౌనఃపున్యం, లయ ఉంటాయి. వాటి వివరాలన్నీ ముందుగానే విమానంలోని కంప్యూటర్‌లో నిక్షిప్తమై ఉండాలి. 1973 నాటి అరబ్‌-ఇజ్రాయెల్‌ యుద్ధంలో ఈజిప్టు, సిరియాలు ప్రయోగించిన సోవియట్‌ క్షిపణి వ్యవస్థ కొత్త తరహా నిరంతర తరంగాన్ని వాడింది. ఇజ్రాయెల్‌ విమానాల్లోని పరికరాలు దాన్ని గుర్తించలేకపోవడంతో ఆ దేశం యుద్ధపు తొలి రోజుల్లోనే భారీగా విమానాలను నష్టపోయింది. నేటికీ ఎఫ్‌-35 విమానానికి ఇలాంటి సమాచార నిధిని సిద్ధం చేయడానికి అమెరికా ఫ్లోరిడాలోని ఎగ్లిన్‌ వైమానిక స్థావరంలో ప్రత్యేక ప్రయోగశాలనే నిర్వహిస్తోంది. పరికరం ఎంత గొప్పదైనా దానికి అందించిన సమాచారం పాతబడితే ఫలితం శూన్యం.

వేడిని చూసే కన్ను

రాడార్‌ సాయంతో వచ్చే క్షిపణిని వినవచ్చు. మరి అసలు ఏ తరంగాన్నీ వెదజల్లకుండా, విమానపు వేడిని మాత్రమే చూసుకుంటూ నిశ్శబ్దంగా వచ్చే క్షిపణి మాటేమిటి? రాడార్‌ హెచ్చరిక గ్రాహకం దాని విషయంలో పూర్తిగా చెవిటిది. కార్గిల్‌లో ప్రాణాలు తీసినవి ఇలాంటివే. స్టెల్త్‌ విమానాలకు ప్రధాన ప్రమాదం కూడా ఈ వైపు నుంచే పొంచి ఉంది. 2025లో యెమెన్‌పై అమెరికా దాడులు చేసిన సమయంలో హూతీల గగనతల రక్షణ అస్త్రాల నుంచి కొన్ని ఎఫ్‌-16లతో పాటు ఒక ఎఫ్‌-35 కూడా త్రుటిలో తప్పించుకున్నట్లు అమెరికా పత్రికలు వెల్లడించాయి.

నిశ్శబ్దంగా వచ్చే క్షిపణిని పట్టుకునే మార్గాలు మూడు. మొదటిది, విమానం చుట్టూ చిన్నపాటి రాడార్‌ను అమర్చుకోవడం. క్షిపణి ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంతో వస్తోందో ఇది చక్కగా చెబుతుంది. కానీ తానే తరంగాలను వెదజల్లడం వల్ల విమానం ఉనికిని బయటపెడుతుంది. దాక్కోవాలనుకునే విమానానికి ఇది పనికిరాదు.

రెండోది అతినీలలోహిత కిరణాలను పట్టే సెన్సర్‌. సూర్యుడి నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాల్లో ఒక భాగాన్ని వాతావరణంలోని ఓజోన్‌ పొర పూర్తిగా అడ్డుకుంటుంది. కాబట్టి ఆ కిరణాల పరిధిలో చూస్తే పట్టపగలు కూడా ఆకాశం చీకటిగానే ఉంటుంది. ఆ చీకట్లో క్షిపణి మంట దీపంలా వెలుగుతుంది. ఈ పద్ధతి చవకైనది, తప్పుడు హెచ్చరికలు తక్కువ. హెలికాప్టర్లకు, రవాణా విమానాలకు బాగా ఉపకరిస్తోంది. లోపం ఏమిటంటే దీని చూపు దూరం తక్కువ. పైగా క్షిపణిలోని ఇంధనం అయిపోయి మంట ఆరిపోతే ఇక కనిపించదు. దూరం నుంచి వచ్చే క్షిపణులు చివరి దశలో మంట లేకుండానే వేగంతో దూసుకొస్తాయి.

మూడోది పరారుణ సెన్సర్‌. ఇది వేడినే చూస్తుంది. మంట ఆరినా, గాలి రాపిడికి వేడెక్కిన క్షిపణి శరీరాన్ని సైతం గుర్తించే అవకాశం ఉంటుంది. ఎక్కువ దూరం చూస్తుంది, తానేమీ వెదజల్లదు. అమెరికా స్టెల్త్‌ విమానాలు ఈ మార్గాన్నే ఎంచుకున్నాయి.

ఆరు కెమెరాలు... అన్ని దిక్కులు

2005లో అమెరికా వైమానిక దళంలో చేరిన ఎఫ్‌-22 విమానం చుట్టూ క్షిపణి ప్రయోగాన్ని గుర్తించే ఆరు సెన్సర్లు ఉన్నాయి. రాడార్‌ సంకేతాలను వినేందుకు రెక్కల్లోనూ, దేహంలోనూ 30కి పైగా యాంటెనాలను ఇమిడ్చారు. ఆ తరువాత వచ్చిన ఎఫ్‌-35లో ఈ ఏర్పాటు మరింత విస్తరించింది. దాని శరీరంపై ఆరు చోట్ల అమర్చిన పరారుణ కెమెరాలు పైనా, కిందా, ముందూ, వెనుకా, ఇరుపక్కలా ఒక్క అంగుళం వదలకుండా గోళాకారంగా చూస్తుంటాయి. ఆరు దృశ్యాలనూ కంప్యూటర్‌ ఒక్కటిగా కుట్టి పైలట్‌ శిరస్త్రాణం అద్దంపై చూపుతుంది. పైలట్‌ తల దించి చూస్తే విమానం అడుగుభాగం అడ్డు లేనట్లు కింది నేల కనిపిస్తుంది. ఈ శిరస్త్రాణం ఒక్కటే సుమారు 4 లక్షల డాలర్ల ఖరీదు చేస్తుంది.

ఈ కెమెరాల చూపు ఎంత పదునైనదో చెప్పేందుకు తయారీ సంస్థ ఒక ప్రయోగాన్ని ఉదహరించింది. 2010 జూన్‌ 4న ఫ్లోరిడా నుంచి ఎగసిన ఫాల్కన్‌-9 రాకెట్‌ను, పరీక్షా విమానంలో అమర్చిన ఈ వ్యవస్థ 800 మైళ్లకు పైగా దూరం వరకు అనుసరించినట్లు నార్త్‌రాప్‌ గ్రమ్మన్‌ ప్రకటించింది. తరువాతి కాలంలో ఈ కెమెరాల తయారీ బాధ్యతను రేథియాన్‌ సంస్థకు అప్పగిస్తూ 2018లో నిర్ణయం జరిగింది.

రష్యా సుఖోయ్‌-57లో అతినీలలోహిత సెన్సర్లను వాడారు. వాటికి తోడు, వచ్చే క్షిపణి కంటిలోకి లేజర్‌ కిరణాన్ని గుచ్చి దారి తప్పించే బురుజుల వంటి పరికరాలను అమర్చారు. మన వైమానిక దళం వద్ద ఉన్న 36 రఫేల్‌ విమానాలు పూర్తి స్థాయి స్టెల్త్‌ కావు. అయినా వాటి స్పెక్ట్రా రక్షణ వ్యవస్థలో రాడార్‌ గ్రాహకాలతో పాటు తోక పైభాగాన పరారుణ క్షిపణి హెచ్చరిక సెన్సర్లు ఉన్నాయి.

చుక్కలో దాగిన మృత్యువు

కెమెరా ఉంటే క్షిపణి బొమ్మలా కనిపిస్తుందనుకుంటే పొరపాటే. ఒక కెమెరా 90 డిగ్రీల దృశ్యాన్ని అడ్డంగా వెయ్యి గళ్లుగా విభజిస్తుందనుకుంటే, 10 కిలోమీటర్ల దూరంలో ఒక్కో గడి వెడల్పు దాదాపు 16 మీటర్లు. అంటే ఒక యుద్ధవిమానం మొత్తం ఒక్క గడిలో ఇమిడిపోతుంది. ఇక అడుగు వెడల్పు కూడా లేని క్షిపణి ఒక వెలుగు చుక్క మాత్రమే. కింద నేలపై మండే గడ్డివామి, కర్మాగారపు పొగగొట్టం, నీటిపై మెరిసే ఎండ, సహచర విమానపు ఇంజిన్‌... అన్నీ ఇలాంటి చుక్కలే.

వాటిలో ప్రాణాంతకమైన చుక్కను వేరుచేసే ఉపాయం రాత్రి రహదారిపై నడిచేవారికి తెలిసిందే. దూరాన వాహన దీపం పక్కకు జరుగుతూ ఉంటే భయం లేదు. ఒకేచోట నిలిచి క్రమంగా కాంతి పెంచుకుంటుంటే అది నేరుగా మీదికే వస్తున్నట్లు. విమానంలోని కంప్యూటర్‌ కూడా ఇదే సూత్రాన్ని పాటిస్తుంది. చుక్క ఉన్నట్టుండి ప్రకాశించిందా, దాని దిశ మారకుండా నిలకడగా ఉందా, కాంతి పెరుగుతున్న తీరు రాకెట్‌ మంటను పోలి ఉందా అని సెకనుకు అనేకసార్లు సరిచూస్తుంది.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. అతి జాగ్రత్తగా ఉంటే ప్రతి మంటకూ గంట మోగుతుంది. ‘నాన్నా పులి’ కథలోలా పైలట్‌ హెచ్చరికను నమ్మడం మానేస్తాడు. పరిమిత సంఖ్యలో ఉండే ఫ్లేర్‌లు వృథా అవుతాయి. ఉదాసీనంగా ఉంటే నిజమైన క్షిపణి తప్పిపోతుంది. ఎఫ్‌-35 అభివృద్ధి దశలో ఆ విమానం తానే వదిలిన ఫ్లేర్‌లను చూసి క్షిపణులుగా భ్రమపడి తప్పుడు హెచ్చరికలు ఇచ్చినట్లు అమెరికా రక్షణ శాఖ పరీక్షా విభాగమే తన వార్షిక నివేదికలో పేర్కొంది.

సెకన్లలో నిర్ణయం

సెకనుకు 600 మీటర్ల వేగంతో వచ్చే భుజ క్షిపణి 4 కిలోమీటర్ల దూరాన్ని ఏడు సెకన్లలోపే దాటుతుంది. గుర్తించడానికి, నిర్ధారించుకోవడానికి ఒకటి రెండు సెకన్లు పోతే మిగిలేది నాలుగైదు సెకన్లే. అందుకే హెచ్చరిక వ్యవస్థను ప్రతిచర్య వ్యవస్థతో నేరుగా అనుసంధానిస్తారు.

పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం ఇక్కడ చెల్లదు. ఉష్ణాన్వేషక క్షిపణికి మెగ్నీషియంతో మండే ఫ్లేర్‌ను వదలాలి. రాడార్‌ క్షిపణికి లోహపు పూత పూసిన సన్నని గాజు పోగులను, అంటే చాఫ్‌ను, వెదజల్లాలి. ఈ పోగుల పొడవు రాడార్‌ తరంగంలో సగం ఉంటేనే బలమైన ప్రతిధ్వని ఇస్తుంది. 3 సెంటీమీటర్ల తరంగానికి ఒకటిన్నర సెంటీమీటరు పోగు కావాలన్న మాట. ఎఫ్‌-35 తన వెనుక తీగతో లాగే బూటకపు లక్ష్యాన్ని కూడా వాడుతుంది. వచ్చేది ఏ రకం క్షిపణో తెలియకుండా ఏదో ఒకటి వదిలితే ఫలితం ఉండదు. పైగా కొత్త తరం ఉష్ణాన్వేషక క్షిపణులు వేడి చుక్కను కాక విమానపు ఆకృతినే చూసి గుర్తుపడుతున్నాయి. వాటి ముందు పాత ఫ్లేర్‌లు అంతగా పారడం లేదు.

దాగుతూనే చూడాలి

సాధారణ విమానానికి సెన్సర్‌ను రెక్క కిందో, తోక మీదో బిగించవచ్చు. స్టెల్త్‌ విమానానికి ఆ వెసులుబాటు లేదు. బయటికి పొడుచుకొచ్చిన ప్రతి వస్తువూ రాడార్‌ ప్రతిధ్వనిని పెంచుతుంది. అందువల్ల యాంటెనాలను రెక్కల అంచుల్లో, కెమెరాలను శరీరంతో సమంగా అమర్చిన కిటికీల వెనుక దాచాలి. ఎఫ్‌-35 ముక్కు కింద ఉండే లక్ష్య నిర్దేశక పరికరానికి పలకలుగా కోసిన నీలమణి స్ఫటికపు కిటికీలను వాడింది ఇందుకే. ఫ్లేర్‌లను కూడా తలుపుల వెనుకే ఉంచి, అవసరమైనప్పుడే తెరుస్తారు. విమానం తయారయ్యాక తీరిగ్గా తగిలించే అలంకారాలు కావివి. తొలి నమూనా గీత గీసే రోజే వీటికి చోటు నిర్ణయించాలి.

మన ముంగిట పరీక్ష

ఈ మాట భారత్‌కు ఇప్పుడు ఎంతో ముఖ్యం. దేశీయ స్టెల్త్‌ యుద్ధవిమానం ‘ఆమ్కా’ నమూనాల అభివృద్ధికి కేంద్ర మంత్రివర్గ భద్రతా వ్యవహారాల సంఘం 2024 మార్చిలో సుమారు రూ.15 వేల కోట్లతో ఆమోదం తెలిపింది. ప్రైవేటు సంస్థలకూ సమాన అవకాశం ఇచ్చే నిర్మాణ విధానాన్ని 2025 మేలో రక్షణ మంత్రి ఆమోదించారు.

క్షిపణి హెచ్చరిక, ఎలక్ట్రానిక్‌ యుద్ధ రంగాల్లో తెలుగు నేలకు పాత అనుబంధమే ఉంది. 1960ల ఆరంభం నుంచి హైదరాబాద్‌లో పనిచేస్తున్న రక్షణ ఎలక్ట్రానిక్స్‌ పరిశోధనశాల ఎలక్ట్రానిక్‌ యుద్ధ వ్యవస్థలకే అంకితమైంది. భారత్‌ ఎలక్ట్రానిక్స్‌ హైదరాబాద్‌ విభాగం అలాంటి పరికరాలను ఉత్పత్తి చేస్తోంది. నగరమే కేంద్రంగా ఉన్న భారత్‌ డైనమిక్స్‌ సంస్థ ఫ్లేర్‌లు, చాఫ్‌ను వదిలే వ్యవస్థలను తయారు చేస్తోంది. 2021లో ఒప్పందం కుదిరిన 56 సి-295 రవాణా విమానాలన్నింటికీ దేశీయ ఎలక్ట్రానిక్‌ రక్షణ సామగ్రినే అమర్చాలన్న నిబంధన మేరకు ఈ రెండు ప్రభుత్వ సంస్థలకే ఆ బాధ్యత దక్కింది. చాఫ్‌ విషయంలో జోధ్‌పూర్‌ రక్షణ ప్రయోగశాల, పుణేలోని మరో పరిశోధనశాల కలిసి 2021లో వైమానిక దళం కోసం దేశీయ సాంకేతికతను సిద్ధం చేశాయి.

రవాణా విమానానికి అమర్చే సెన్సర్‌కూ, స్టెల్త్‌ విమానపు చర్మంలో ఒదిగిపోయి అన్ని దిక్కులా చూసే సెన్సర్‌కూ మధ్య దూరం చాలా ఉంది. సున్నితమైన పరారుణ గ్రాహకాలు, వేగంగా లెక్కించే కంప్యూటర్లు, అన్నిటికన్నా మించి శత్రు రాడార్లు, క్షిపణుల గురించి నిరంతరం సేకరించి తాజాపరచే సమాచార నిధి అవసరం. విమానాన్ని కొనుగోలు చేయవచ్చు, ఇంజిన్‌ను దిగుమతి చేసుకోవచ్చు. కానీ తన ప్రత్యర్థుల గుట్టుమట్లను నమోదు చేసిన ఆ సమాచార నిధిని ఏ దేశమూ మరొకరి చేతికి అప్పగించలేదు. ఆకారం, పూతలు విమానాన్ని కొంతవరకు దాచగలవు. దానిలో కూర్చున్న మనిషిని సురక్షితంగా ఇంటికి చేర్చే బాధ్యత మాత్రం చివరకు ఈ చూసే కళ్లు, వినే చెవులపైనే ఉంటుంది.